అమెరికా టీచర్ కొలువు ప్యాకేజీ: విమానం దిగాక మొదటి ఆరు వారాలు ఎంతవరకు ఆదుకుంటుంది?

హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీలు అమ్మే జె-1 (విదేశీ టీచర్లు కొన్నేళ్లు పనిచేయడానికి వెళ్లే అమెరికా వీసా) టీచర్ ప్యాకేజీ ఇప్పుడు మన ప్రైవేటు స్కూళ్ల స్టాఫ్ రూముల్లో అందరూ మాట్లాడుకునే సంగతే. అమెరికా స్కూల్ డిస్ట్రిక్ట్‌తో (అక్కడి బడుల్ని నడిపే స్థానిక సంస్థతో) ఇంటర్వ్యూ పెట్టిస్తారు, మన డిగ్రీని అక్కడి లెక్కలోకి మార్పిస్తారు, స్పాన్సర్ నుంచి వీసాకి ఆధారమైన డీఎస్-2019 కాగితం తెప్పిస్తారు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. ఇక్కడ చూస్తున్నది ఏదో ఒక సంస్థని కాదు, ఈ తరహా సేవ మొత్తాన్ని. ఉదాహరణకి తీసుకున్నది ఆరిజోనా ఈశాన్య మూలన ఉన్న నవాహో నేషన్, అంటే నవాహో ఆదివాసులు తామే పాలించుకునే ప్రాంతం. ఊళ్లకి దూరంగా ఉండి టీచర్లు దొరకని బడులే విదేశాల వాళ్లని ఎక్కువగా పిలిపించుకుంటాయి, ఇది అలాంటి చోటు.

విమానం ఎక్కేదాకా ఈ సేవకి అయిదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. కానీ దాని అసలు పనితనం తెలిసేది దిగిన రోజుకీ మొదటి జీతం పడ్డ రోజుకీ మధ్యనే. అక్కడ చాలా ప్యాకేజీలు రెండు మార్కులు దాటవు.

ఎవరి పని ఎవరిది

ఈ వ్యవహారంలో ముగ్గురు ఉంటారు. కన్సల్టెన్సీ మధ్యవర్తి మాత్రమే. స్పాన్సర్ అంటే అమెరికా విదేశాంగ శాఖ అనుమతి ఉన్న సంస్థ; మీ వీసా హోదాకి జవాబుదారీ అదే. జీతం ఇచ్చే యజమాని డిస్ట్రిక్ట్. కొత్తగా వెళ్లిన వాళ్లు దేనికైనా కన్సల్టెన్సీకే ఫోన్ చేస్తారు, వాళ్లూ "చూస్తాం మేడమ్" అంటారు, ఈలోగా వారం గడిచిపోతుంది. ఇల్లు మారితే 10 రోజుల్లో స్పాన్సర్‌కి తెలపాలి. స్కూల్ మారాలన్నా, ఇంకో పని చెయ్యాలన్నా స్పాన్సర్ ముందే ఒప్పుకోవాలి. శని, ఆదివారాల్లో తెలిసినవాళ్ల స్టోర్‌లో కౌంటర్ దగ్గర నిలబడటం కూడా హోదాని పోగొట్టే పనే. "అందరూ చేస్తున్నారు" అని ఎవరు చెప్పినా వినకండి. జీతం, స్టెప్ (అనుభవాన్ని బట్టి జీతంలో వచ్చే మెట్టు), ఇల్లు, టైమ్‌టేబుల్ గురించి అయితే డిస్ట్రిక్ట్ హెచ్ఆర్‌ని అడగాలి. మంచి ప్యాకేజీ అయితే ఈ ముగ్గురి ఫోన్ నంబర్లూ, ఎవరు దేనికో రాసిన ఒక్క పేజీ టికెట్‌తో పాటే చేతిలో పెడుతుంది. అది ఇవ్వని చోట డబ్బు కట్టకముందే అడిగి రాయించుకోండి.

మొదటి జీతం దాకా చేతి ఖర్చు

అమ్మేటప్పుడు ఏడాది జీతం పెద్దక్షరాల్లో చూపిస్తారు, మొదటి చెక్ ఎప్పుడు వస్తుందో చెప్పరు. ఆరిజోనాలో బడులు జూలై చివర లేదా ఆగస్టు మొదట్లో తెరుస్తారు. జీతం రెండు వారాలకోసారి, అదీ చేసిన పనికి వెనక నుంచి వస్తుంది. జూలై మధ్యలో దిగిన మనిషికి మొదటి చెక్ ఆగస్టు చివరికో, కాగితాలు ఆలస్యమైతే సెప్టెంబర్‌కో అందుతుంది. ఈలోపు ఇంటి అడ్వాన్స్, మొదటి నెల అద్దె, పరుపు, ఫోన్, తిండి, బండి బాడుగ అన్నీ జేబులోంచే. ఒంటరిగా వెళ్లేవాళ్లు కనీసం 3,000 డాలర్లు, కుటుంబంతో వెళ్లేవాళ్లు 5,000 డాలర్లు ప్యాకేజీ ఫీజుతో కలపకుండా విడిగా ఉంచుకోవాలి.

హెచ్ఆర్‌ని మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: జీతం ఏడాదికి 26 భాగాలా, బడి నడిచే నెలలకే సర్దిన 21, 22 భాగాలా? రెండోదైతే ఒక్కో చెక్ పెద్దదిగా కనిపిస్తుంది గానీ జూన్, జూలైల్లో చేతికి ఏమీ రాదు.

స్టెప్ సంగతి ఇంకా ముఖ్యం. అక్కడ జీతం ఒక పట్టిక ప్రకారం నడుస్తుంది. చదువుని బట్టి నిలువు వరుస, అనుభవాన్ని బట్టి అడ్డు వరుస. మీ పన్నెండేళ్ల అనుభవానికి ఋజువు లేకపోతే కొత్తవాళ్ల వరుసలోనే కూర్చోబెడతారు. మన ప్రైవేటు స్కూళ్లు ఇచ్చే "వీరు మా దగ్గర పనిచేశారు" అన్న రెండు లైన్ల సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, మానిన తేదీ, పూర్తికాలం అన్న మాట, చెప్పిన తరగతులు, సబ్జెక్ట్, సంతకం పెట్టినవారి హోదా, స్కూల్ ఈమెయిల్ ఉండాలి. ఊరు దాటాక ఆ కాగితం తెప్పించుకోవడం ఎంత కష్టమో స్కూల్ యాజమాన్యాల సంగతి తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ప్యాకేజీలో ఈ పని చేసిపెట్టే చోట్లు తక్కువ; చేసేవాళ్లకి ఒక మార్కు ఎక్కువ వెయ్యొచ్చు.

కాగితాల వరస

ఇక్కడ తప్పంతా వరస తప్పడంలోనే. దిగగానే ఐ-94 (మీరు దేశంలోకి వచ్చినట్టు ప్రభుత్వం పెట్టే రికార్డు) డౌన్‌లోడ్ చేసి పేరు, హోదా, తేదీ చూసుకోవాలి. హోదా దగ్గర జె-1, గడువు దగ్గర డీ/ఎస్ (హోదా ఉన్నన్నాళ్లు) అని ఉండాలి. తర్వాత అది, అమెరికాలో మీరుండే అడ్రసు స్పాన్సర్‌కి పంపాలి. వాళ్లు సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో మిమ్మల్ని "వచ్చారు" అని నమోదు చేస్తారు. డీఎస్-2019లో ఉన్న ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోపు ఇది జరగకపోతే హోదాకే ముప్పు. ఆ నమోదు కాకముందే, జీతానికీ పన్నులకీ కావాల్సిన నంబర్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి పరుగెత్తితే వాళ్ల కంప్యూటర్‌లో మీరు కనిపించరు. దిగాక ఓ 10 రోజులు ఆగి వెళ్లమని ఆ ఆఫీసువాళ్లే చెప్తారు. ఎస్ఎస్-5 దరఖాస్తు ఫారం, పాస్‌పోర్ట్, ఐ-94, డీఎస్-2019 ఒరిజినల్స్ పట్టుకెళ్లి, దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. నంబర్ ఇంకా రాలేదని పేరోల్ వాళ్లు జీతం ఆపుతామంటే ఆ రసీదు చూపించాలి.

మన ఇంటిపేరు గొడవ మొదలయ్యేది ఇక్కడే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరు చోట ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు) అని పడుతుంది. డిగ్రీ మీద ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక. పెళ్లికి ముందు సర్టిఫికెట్లు ఒక ఇంటిపేరుతో, పాస్‌పోర్ట్ ఇంకో ఇంటిపేరుతో. డిస్ట్రిక్ట్, బ్యాంకు, టీచింగ్ సర్టిఫికెట్ ఆఫీసు తలో రకంగా ఎక్కించుకుంటే తర్వాత సరిచేయడానికి నెలలు పడుతుంది. ప్రతి ఫారంలోనూ పాస్‌పోర్ట్ మీద ఉన్నది ఉన్నట్టే రాయాలి, పొట్టిపేర్లు వద్దు. ఇండియాలో ఉండగానే పాస్‌పోర్ట్ సరిచేయించుకోమని చెప్పే కన్సల్టెన్సీ నిజంగా పని తెలిసినది.

ఆరిజోనాలో టీచింగ్ సర్టిఫికెట్‌కి వేలిముద్రల క్లియరెన్స్ కార్డు కావాలి. అందులోనూ ఐవీపీ (మనిషి గుర్తింపు సరిచూసి వేలిముద్రలు తీసుకునే) రకమే. మామూలు రకం తీసుకుంటే డబ్బూ పోయి, వారాలూ పోతాయి.

పన్నుల విషయంలో ప్యాకేజీల అజ్ఞానం చూస్తే బాధేస్తుంది. జె-1 టీచర్ మామూలుగా మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంటే, కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పట్టే 7.65 శాతం పట్టకూడదు. 50,000 డాలర్ల జీతం అనుకుంటే అది ఏడాదికి 3,825 డాలర్లు. విదేశీ టీచర్లు కొత్తైన చిన్న డిస్ట్రిక్ట్‌లలో పేరోల్ సాఫ్ట్‌వేర్ అందరికీ పట్టినట్టే మీకూ పట్టేస్తుంది. మొదటి పే స్లిప్‌లో ఈ కోతకి వాడే పేర్లు ఫైకా, ఓఏఎస్‌డీఐ, మెడికేర్ అన్న లైన్లు వెతకండి. కనిపిస్తే అదే వారం పేరోల్‌కి రాతపూర్వకంగా అడగండి. అదే ఏడాదిలో అయితే వాళ్లే వెనక్కి ఇవ్వగలరు. వాళ్లు ఇవ్వనంటేనే ఫారం 843తో ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గరికి వెళ్లాలి, ఆ దారి చాలా నెమ్మది. "రెండేళ్లు" అన్న మాటలోనూ మెలిక ఉంది: 2025 జూలైలో దిగితే 2025, 2026 రెండేళ్లూ అయిపోయినట్టే, 2027 జనవరి నుంచి కోత మొదలవుతుంది.

భారత్, అమెరికా పన్ను ఒప్పందంలో 22వ అధికరణం టీచర్లకి రెండేళ్ల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు గురించి చెప్తుంది. మూడేళ్ల కాంట్రాక్ట్ ఉన్నవాళ్లకి అది ఎంతవరకు వర్తిస్తుందన్నది నాన్ రెసిడెంట్ పన్నులు చూసే నిపుణుణ్ణి అడిగి తేల్చుకోవాల్సిన విషయం. "మొత్తం ట్యాక్స్ ఫ్రీ" అని కరపత్రంలో అచ్చేసేవాళ్లని నమ్మొద్దు.

టీబీ పరీక్ష, ఇన్సూరెన్స్

చాలా బడులు చేరేముందు టీబీ పరీక్ష అడుగుతాయి. చేతి మీద సూది గుచ్చి రెండు రోజులాగి చూసే పరీక్షలో, చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనవాళ్లకి జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. అప్పుడు ఎక్స్‌రే, డాక్టర్ ఉత్తరం, చేరడం వారం ఆలస్యం. మొదటే "బీసీజీ వేయించుకున్నాను, రక్తపరీక్ష చెయ్యండి" అని అడగాలి. క్వాంటిఫెరాన్ లాంటి ఐజీఆర్ఏ పరీక్షలకి బీసీజీతో పేచీ లేదు.

ఇన్సూరెన్స్‌కి జె-1 నిబంధన స్పష్టంగా ఉంది: ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్లు, వైద్యం కోసం తరలింపుకి 50,000, ప్రాణం పోతే స్వదేశానికి పంపడానికి 25,000, ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి మొదట మన జేబులోంచి కట్టే భాగం (డిడక్టిబుల్) 500కి మించకూడదు. డిస్ట్రిక్ట్ ఇచ్చే ఇన్సూరెన్స్ దిగిన రోజు నుంచి మొదలవ్వకపోవచ్చు, అందులో తరలింపు ఖర్చులు సాధారణంగా ఉండవు. ఈ సందుని ప్యాకేజీ ఇన్సూరెన్స్ పూడుస్తుందా లేదా అన్నది తేదీలతో సహా చూసుకోండి. జె-2 మీద వచ్చే భార్య లేదా భర్త, పిల్లలకి కూడా ఇదే నిబంధన.

ఇల్లు, బండి, గడియారం, పప్పు

నవాహో ప్రాంతంలో అద్దె ఇళ్లు దొరకడం కష్టం, అందుకే బడులే టీచరేజ్ అనే క్వార్టర్స్ ఇస్తాయి. బడికి నడిచి వెళ్లొచ్చు, అద్దె జీతంలో పట్టుకుంటారు. ప్యాకేజీవాళ్లు "వసతి ఉంది" అంటే సరిపోదు. ఇల్లు ఒక్కరికా ఇద్దరికా, మంచం, ఫ్రిజ్ ఉన్నాయా, తాళం ఏ తేదీన ఇస్తారు అన్నవి రాతలో కావాలి.

చిన్‌లీ లాంటి ఊరి నుంచి గాలప్ పట్నం సుమారు 90 మైళ్లు. మన సరుకులు కావాలంటే ఫీనిక్స్ వైపు అయిదు గంటల ప్రయాణం. బస్సుల మీద బతకడం కుదరదు. ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే బయల్దేరండి, తర్వాత ఆరిజోనా లైసెన్స్ పని చూసుకోండి. ఇండియాలో కారు అసలు నడపనివాళ్లు వెళ్లే ముందు రెండు నెలలు నేర్చుకుంటే, అది ప్యాకేజీ ఇచ్చే ఇంగ్లిష్ క్లాసుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

గడియారం సంగతి ఎవరూ చెప్పరు. అమెరికాలో చాలాచోట్ల వేసవికి గడియారం గంట ముందుకి జరుపుతారు. ఆరిజోనా అలా టైమ్ మార్చదు, నవాహో నేషన్ మారుస్తుంది, దాని మధ్యలో ఉన్న హోపీ ప్రాంతం మళ్లీ మార్చదు. నవంబర్ మొదటి ఆదివారం దాకా ఊరు దాటితే ఫోన్‌లో గంట ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మీ బడి ఏ టైమ్ పాటిస్తుందో అడిగి, ఫోన్‌లో టైమ్ జోన్ చేత్తో పెట్టి, అలారం దాని మీదే పెట్టుకోండి.

ఇంకో చిన్న మాట, వంటింటికి సంబంధించింది. చిన్‌లీ సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ నీళ్లు 94, 95 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్, రెండు అదనపు గ్యాస్కెట్లు సూట్‌కేసులో తప్పనిసరి. మిక్సీ మాత్రం వద్దు: మనది 230 వోల్టులు, అక్కడ 120. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు విమానాశ్రయంలో తీసేస్తారు. తెచ్చిన తినే వస్తువులన్నీ కస్టమ్స్ వాళ్లకి ముందే చెప్పండి.

తరగతి గది: ప్యాకేజీ అసలు ఓడిపోయే చోటు

"అమెరికన్ క్లాస్‌రూమ్ ట్రైనింగ్" పేరుతో చూపించే వీడియోల్లో చాలావరకు ఉచ్చారణ గురించే ఉంటుంది. పిల్లలు మన యాసకి రెండు వారాల్లో అలవాటు పడతారు. ఇబ్బంది పెట్టేవి మాటలు, పద్ధతులు.

లెక్కల టీచర్‌నే తీసుకోండి. బోర్డు మీద 3, 4 రాసి "త్రీ ఇంటూ ఫోర్" అంటే మనకి పన్నెండు. అక్కడి పిల్లాడికి "నాలుగులో మూడు ఎన్నిసార్లు పోతుంది" అని, అంటే భాగహారం. మీరు పన్నెండు అంటారు, వాళ్లు మొహమొహాలు చూసుకుంటారు, తప్పెక్కడో ఎవరికీ అర్థం కాదు. "త్రీ టైమ్స్ ఫోర్" అనాలి. "ఫోర్ బై టూ" అన్నా కొలతల గుణకారంలా వినిపిస్తుంది. "ఫోర్ డివైడెడ్ బై టూ" లేదా "ఫోర్ ఓవర్ టూ" అనాలి. బాడ్మాస్ అక్కడ పెమ్‌డాస్. హెచ్‌సీఎఫ్ జీసీఎఫ్ అవుతుంది, ట్రెపీజియం ట్రెపిజాయిడ్ అవుతుంది, ఇండిసెస్ ఎక్స్‌పొనెంట్స్ అవుతాయి. సరళరేఖ సమీకరణం చివర మనం "సి" రాస్తే వాళ్లు "బి" రాస్తారు. లక్ష కామా పెట్టొద్దు, తేదీలో నెల ముందు రాయాలి. "ఎనీ డౌట్స్?" అంటే పిల్లలు తమని అనుమానిస్తున్నారేమో అనుకుంటారు, "క్వశ్చన్స్?" అనండి. రబ్బర్ అని అస్సలు అనొద్దు, ఇరేజర్ అనాలి. ఇలాంటి జాబితా సబ్జెక్ట్‌వారీగా ఇవ్వడానికి కన్సల్టెన్సీకి ఒక్క పూట పని, అయినా ఇచ్చేవాళ్లు అరుదు.

పీరియడ్ నడిచే తీరు కూడా వేరు. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుతో పలకరించాలి. బోర్డు మీద అయిదు నిమిషాల బెల్ వర్క్ సిద్ధంగా ఉండాలి. వాళ్లు అది చేస్తుండగా హాజరు కంప్యూటర్‌లో ఎక్కించాలి. హాజరు ఆలస్యమైతే ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఎందుకంటే పిల్లాడు ఎక్కడున్నాడన్నది భద్రతకి సంబంధించిన విషయం. మనలాగా పావుగంట వీపు తిప్పి బోర్డు నింపితే, తిరిగేసరికి తరగతి చేయి జారి ఉంటుంది. అల్లరి చేసిన పిల్లాణ్ణి మొదటి రోజే ఆఫీసుకి పంపడం ఇంకో పొరపాటు. హెచ్చరిక, చోటు మార్పు, ఇంటికి ఫోన్, ఈ మూడూ తేదీలతో రాసుకున్నాకే రెఫరల్. పెద్ద గొడవలు మాత్రం వెంటనే ఆఫీసుకే. మొదటి రెండు వారాల్లో ప్రతి ఇంటికీ ఒక మంచి మాట చెప్పడానికి ఫోన్ చేస్తే, తర్వాత ఫిర్యాదు చెప్పాల్సి వచ్చినప్పుడు తల్లిదండ్రులు మీ పక్షాన ఉంటారు. పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదు, చెవి పట్టుకోకూడదు, ప్రేమగా బుగ్గ గిల్లడం కూడా వద్దు.

వైకల్యం లేదా ప్రత్యేక అవసరం ఉన్న పిల్లలకి బడి ఏం చెయ్యాలో రాసే ఐఈపీ, 504 అన్న రెండు కాగితాలు ఎవరికి ఉన్నాయో ఆ పిల్లల పేర్లు మొదటి రోజే అడిగి తీసుకోవాలి. అవి చట్టబద్ధమైనవి. పరీక్షకి ఒకటిన్నర రెట్లు సమయం అని అందులో ఉంటే ఇచ్చి తీరాలి, "క్లాసులో అందరూ సమానమే" అనడం కుదరదు. స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులో వెళ్లేవాళ్లయితే ఆ కాగితాలు రాసేది మీరే: ఏడాదికోసారి సమీక్ష, మూడేళ్లకోసారి మళ్లీ మూల్యాంకనం, తేదీ దాటకూడదు. మామూలు బీఎడ్ వాళ్లని ఈ పోస్టులకి పంపుతూ ఆ మాట చెప్పని ప్యాకేజీలు ఉన్నాయి. ఇది క్షమించరాని లోపం, ఎందుకంటే నష్టపోయేది టీచర్ ఒక్కరే కాదు, ఆ పిల్లలు.

పిల్లాడి మీద హింస జరుగుతోందన్న సహేతుకమైన అనుమానం వస్తే పోలీసులకో, శిశు సంరక్షణ శాఖకో స్వయంగా తెలపాలని ఆరిజోనా చట్టం. ప్రిన్సిపాల్‌కి చెప్పి ఊరుకుంటే బాధ్యత తీరదు.

నవాహో పిల్లల గురించి ఏ ప్యాకేజీ ఒక్క ముక్క చెప్పదు, కానీ మన టీచర్లకి ఇది దగ్గరగా తోచే విషయం. అక్కడ గుడ్లగూబ అపశకునం. బొమ్మల షాపులో ముద్దుగా కనిపించిందని గుడ్లగూబ స్టిక్కర్లు తరగతి గోడకి అంటిస్తే కొందరి ఇళ్లలో నొచ్చుకుంటారు. గ్రహణం వేళ సంప్రదాయం పాటించే కుటుంబాలు బయటికి రావు, తినరు. 2023 అక్టోబర్ 14 సూర్యగ్రహణానికి నవాహో ప్రాంతంలోని మాన్యుమెంట్ వ్యాలీలోకి యాత్రికులని కొన్ని గంటలు రానివ్వలేదు. మన అమ్మమ్మల ఇంట్లో పెరిగినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. కొన్ని కథలు చలికాలంలోనే చెప్పుకోవాలి. సైన్స్‌లో చచ్చిన జంతువుని కోసే పాఠం ఉంటే ముందు ఇళ్లకి చెప్పి, వద్దన్న పిల్లలకి వేరే పని ఇవ్వాలి. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడకపోవడం అక్కడ మర్యాద. పిల్లాడు తల దించుకుంటే నిర్లక్ష్యం అనుకోవద్దు. పక్క గదిలో నవాహో సహాయ టీచర్ ఉంటే మొదటి వారం మొహమాటపడకుండా ఆవిడనే అన్నీ అడగండి.

డబ్బు కట్టేముందు

ఫీజు మొత్తాన్ని ముక్కలుగా చూపించమనండి. సెవిస్ ఫీజు 220 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు ప్రభుత్వానికి వెళ్లేవి. స్పాన్సర్ ఫీజు ఎంత, డిగ్రీ మూల్యాంకనం ఎంత, కన్సల్టెన్సీ ఎంత ఉంచుకుంటుంది, రెండో ఏడాది మళ్లీ కట్టాలా, వీసా రాకపోతే ఎంత తిరిగి వస్తుంది. జీతంలో నెలనెలా కోసుకుంటాం అనేవాళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమనేవాళ్లు కనిపిస్తే అక్కడి నుంచి లేచి రండి.

పూర్తికాలం టీచర్‌గా రెండేళ్ల అనుభవం ఉండి, స్పాన్సర్ వెబ్‌సైట్, డిస్ట్రిక్ట్ ఉద్యోగ ప్రకటనలు సొంతంగా చదువుకోగలిగినవాళ్లకి కన్సల్టెన్సీ అవసరమే లేదు. విదేశాంగ శాఖ అనుమతి ఉన్న స్పాన్సర్ల జాబితా అందరికీ అందుబాటులోనే ఉంది. అంత ఓపిక, సమయం లేనివాళ్లు ప్యాకేజీ తీసుకోండి. కాకపోతే సంతకం పెట్టేముందు, అదే డిస్ట్రిక్ట్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు భారతీయ టీచర్ల నంబర్లు అడిగి, వాళ్లని ఒకటే అడగండి: దిగినరోజు రాత్రి తాళం ఎవరిచ్చారు, మొదటి చెక్ ఏ తేదీన పడింది?